తుపాకీకి అష్టోత్తరం

ప్లేనో, టెక్సాస్
30 ఆగస్టు 1981

శ్రీవారికి,

పాదపద్మాలకు నమస్కరించి అని మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది. ఆ పాదాలేమో ఈ ఇంటి గుమ్మం తొక్కబోమని భీష్మించుకుని అక్కడ అరోరాలో కూర్చున్నాయి. కాబట్టి వాటిని వదిలేసి మిగతా మనిషికి నమస్కరించి రాస్తున్నాను.

క్షేమంగా చేరాను. కంట్రోలర్ల సమ్మె, విమానాలు గుద్దుకుంటాయి అని భయపెట్టి మరీ ఎక్కించారు. ఏవీ గుద్దుకోలేదు. విజయశ్రీకి ఎనిమిదో నెల. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. నన్ను చూడగానే మొదట అడిగిన మాట, "నాన్న వస్తారా అమ్మా?" అని. దారిలో ఉన్నారని అబద్ధమాడలేక, పప్పులో ఉప్పు సరిపోయిందా అని మాట మార్చాను.

అల్లుడు ఎయిర్‌పోర్టుకి వచ్చి "అత్తమ్మా" అంటూ సంచీ అందుకున్నాడు. మీరు ఊహించుకున్నట్టు తలమీద కొమ్ములేం లేవు, కాస్త బట్టతల మాత్రం వస్తోంది. కరీంనగర్ వాడు, మన కులం కాదు, మాంసం తింటాడు, రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాడు. ఇంతేగా నేరాలు? వీటికి మీరు ఐదేళ్ళుగా ముఖం చూడని శిక్ష వేశారు. ఫారెస్టు రేంజరుగా ఉన్నప్పుడు టేకు దుంగల దొంగకి కూడా ఆరునెలలకి మించి వేయించలేదు కదండీ మీరు.

నేను వచ్చేశాక అక్కడ పొద్దుపోవడం లేదని శ్రీధర్ ఫోనులో చెప్పాడు. కొడుకూ కోడలూ ఆఫీసుకి పోతే ఇల్లంతా తిరిగి ఫ్యాన్లకి దుమ్ము ఉందో లేదో తనిఖీ చేస్తున్నారట. ఏదైనా వ్యాపకం చూసుకోండి. అక్టోబరు మూడో వారంలో పురుడు, ఇరవై ఒకటో రోజున బారసాల. దానికి మీరు రావాలి. దాని మనసులో ఉన్నది ఇదొక్కటే, నా మనసులో ఉన్నదీ ఇదే.

మీ
మీనాక్షి


అరోరా, ఇల్లినాయ్
9 సెప్టెంబరు 1981

చి.ల.సౌ. మీనాక్షిని ఆశీర్వదించి వ్రాయునది,

నీ ఉత్తరం అందింది. అందులో క్షేమసమాచారం తక్కువ, అభియోగాలు ఎక్కువ. ఆ గుమ్మం తొక్కనని అన్నాను, తొక్కను. ముప్పై ఏళ్ళు సర్కారు నౌకరీ చేసినవాడు ఒకసారి సంతకం పెట్టాక కొట్టివేతలు ఉండవు. విజయశ్రీ కాళ్ళ వాపుకి ఉప్పు తగ్గించమను. నేను చెప్పానని చెప్పకు.

ఇక్కడ నా పరిస్థితి విను. కోడలు రేణు డబ్బాల్లో పప్పూ కూరా సర్ది వాటిమీద వారాల పేర్లు రాసి అంటించి వెళ్తుంది. నేను బుధవారం పప్పు సోమవారమే తినేసి ఆనందిస్తున్నాను. అంతకుమించిన సాహసం ఈ వీధిలో లేదు.

లేదనే అనుకున్నాను. మొన్న శనివారం పక్కింటి గ్యారేజీలోంచి గంధకం వాసన వచ్చింది. ఆ వాసన నా ముక్కుకి తెలుసు. వెళ్ళి తొంగిచూస్తే హెరాల్డ్ అనే గడ్డపాయన, రైల్వే వర్కుషాపులో రిటైరయ్యాడు, భార్య లేదు, బల్లమీద మూడు తుపాకులు పెట్టుకుని తుడుస్తున్నాడు. మూతిలోంచి మందు పోసి, గుండు దట్టించి, చెకుముకి రాయి రవ్వతో పేల్చే పాతకాలం తుపాకులు. చూడగానే నా చెయ్యి జేబులోకి పోయింది, పంచనామా రాయడానికి కాగితం కోసం.

చింతపల్లి ఏజెన్సీలో ఇలాంటి నాటు తుపాకులు ఎన్ని పట్టుకున్నానో నీకు తెలుసు. అక్కడ ఇది ఇంట్లో దొరికితే జైలు. ఇక్కడ దీనికో క్లబ్బు. ఆదివారం వస్తే డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు తోలు చొక్కాలు తొడుక్కుని, తోకలు వేలాడే టోపీలు పెట్టుకుని ఊరి బయట కంకర గుంతలో చేరతారు. దూరంగా కాగితం మీద గీసిన సున్నాల్ని కాలుస్తారు. ఒక్క పిట్టని కూడా చంపరు. రెండొందల ఏళ్ళ కిందటి వాళ్ళలాగా తిండీ వేషమూ, ఇంటికి మాత్రం కారులో వెళ్తారు. వీళ్ళ ప్రెసిడెంటు పళ్ళ డాక్టరు.

హెరాల్డ్ నన్ను తీసుకెళ్ళి తుపాకీ చేతికిచ్చాడు. మందు పోశాను. గుండు దట్టించాను. పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు మందు వేయాలి, దాన్ని మన పాతవాళ్ళు రంజకం అనేవారు. రాయి రవ్వ రాల్చితే రంజకం మండి, సన్నటి కన్నంలోంచి నిప్పు లోపలి మందుకి అందుతుంది. వందల తుపాకుల మీద కేసులు రాసినవాణ్ణి, ఒక్కదాన్నీ పేల్చి ఎరగను. ట్రిగ్గర్ నొక్కాను. పొగ తగ్గాక చూస్తే కాగితం చెక్కుచెదరలేదు గాని, మీనాక్షీ, నాకు చాలా సంతోషం వేసింది. ఈ దేశం వచ్చాక ఇదే మొదటిసారి.

ఇట్లు
రాజగోపాల్


ప్లేనో
16 సెప్టెంబరు 1981

శ్రీవారికి,

తోచీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్ళిందట. మీరు ఏకంగా తుపాకీ పట్టారు. వ్యాపకం చూసుకోమంటే తోటపనో, వీధి చివర లైబ్రరీయో అనుకున్నాను.

నిన్న రేణు ఫోన్ చేసింది. లాంగ్ డిస్టెన్స్ కదా, ఏడుపంతా కుదించి చెప్పింది. మీరు ఆ తుపాకీ గొట్టాన్ని బాత్ టబ్బులో పెట్టి కడిగితే టబ్బంతా బొగ్గుల బస్తాలా అయిందట. నేను నర్సీపట్నం నుంచి మోసుకొచ్చిన కుంకుడుకాయలు దానికి తలంటడానికి వాడారట. నా తలకి ఈ షాంపూ పడక దురద పుడుతుంటే తుపాకీకి మాత్రం కుంకుడుకాయ పులుసు. గుండుకి చుట్టే గుడ్డ పేలికకి నేతిగిన్నె ఖాళీ చేస్తున్నారట కూడా.

మీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర విజయశ్రీకి చదివి వినిపించాను. అది కడుపు పట్టుకుని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. పక్కన కూర్చున్న ఒకాయన, ఆయన పేరు మీకు గిట్టదు కాబట్టి రాయను, నెయ్యి చలికి గడ్డకడుతుంది, దానికంటే ఆముదం మంచిదేమో అన్నాడు. నిజమో కాదో నాకేం తెలుసు? పసిబిడ్డకని తెచ్చిన ఆముదంలో సగం సీసాలో పోసి పార్సెల్ చేశాను. మనవడికో మనవరాలికో రాయాల్సిన ఆముదం, తుపాకీకి రాసుకుని తరించండి.

బారసాల సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను.

మీ
మీనాక్షి


అరోరా
26 సెప్టెంబరు 1981

చి.ల.సౌ. మీనాక్షికి,

ఆముదం అందింది. దివ్యంగా పనిచేస్తోంది. క్లబ్బువాళ్ళు ఎలుగుబంటి కొవ్వూ గొర్రె కొవ్వూ రాస్తారు, నేను దాన్ని వేలితో ముట్టనని తెలిసి జాలిపడేవారు. ఇప్పుడు నా గుండు వాళ్ళ గుండ్లకంటే నునుపుగా దిగుతుంటే పళ్ళ డాక్టరు వచ్చి సీసా వాసన చూశాడు. చూసి చాలాసేపు దూరంగా నిలబడ్డాడు. రేణుతో సంధి కుదిరింది. టబ్బు నేనే తోముతున్నాను. పెళ్ళయ్యాక నేను తోమిన మొదటి వస్తువు అదేనని శ్రీధర్ తన స్నేహితులకి చెప్పుకుంటున్నాడట.

ఒక సందేహం. నా గుండు ఎప్పుడూ ఎడమకే పోతోంది. హెరాల్డ్ ఊపిరి బిగపట్టమంటాడు, డాక్టరు భుజం బిగించమంటాడు, ఇంకొకాయన చంద్రుడి వల్ల అంటాడు. ఆముదం సంగతి చెప్పిన ఆ ఒకాయన్ని, మాటల సందర్భంలో, నేను అడిగానని తెలియకుండా అడిగి చూడు. నాకేం అంత అవసరం లేదు. వచ్చే ఆదివారం లోపల జవాబు వస్తే మంచిది.

క్లబ్బులో అందరికీ అడవి పేర్లుంటాయి. ముసలి ఎలుగు, ఒంటికాలి కొంగ, ఇలా. నాకు పొగరాయుడని పెట్టారు. మూడు గుండ్లలో ఒక్కటీ తగలకపోయినా పొగ మాత్రం దట్టంగా వస్తుందని.

విజయశ్రీ కాళ్ళ వాపు తగ్గిందా? ఊరికే అడిగాను.

ఇట్లు
రాజగోపాల్


ప్లేనో
3 అక్టోబరు 1981

పొగరాయుడు గారికి,

మాటల సందర్భంలో అడగమన్నారు. నాకంత చాకచక్యం లేదు, ఉత్తరం తీసి చదివేశాను. ఆ ఒకాయన అన్నం తినడం ఆపి ఆలోచించాడు. రెండు రోజులు పోయాక వంటింట్లోకి వచ్చి, "అత్తమ్మా, రంజకం మండంగనే మామయ్య కండ్లు మూసుకుంటున్నరేమో. అట్ల మూస్తే గొట్టం ఎడమకు గుంజుకపోతదట" అన్నాడు. ఈ మాట రాయనా వద్దా అని అడిగితే రాయొద్దని చేతులు పట్టుకున్నాడు. అందుకే రాస్తున్నాను.

విజయశ్రీ కాళ్ళ వాపు తగ్గింది. ఉప్పు తగ్గించింది. ఎవరు చెప్పారో దానికి తెలుసు. మీరు చెప్పొద్దన్నది నేను చెప్పకుండా ఉంటానని అనుకున్నారా?

ఈసారి సూటిగా అడుగుతున్నాను. బారసాలకి వస్తారా, రారా?

మీ
మీనాక్షి


అరోరా
12 అక్టోబరు 1981

చి.ల.సౌ. మీనాక్షికి,

నేను కళ్ళు మూసుకోవడం లేదు. ముప్పై ఏళ్ళు అడవిలో తిరిగినవాణ్ణి. ఆ ముక్క ఆ ఒకాయనకి చెప్పు.

దసరా బాగా జరిగింది. ఆయుధ పూజకి ఇంట్లో ఆయుధం లేదని రేణు స్క్రూడ్రైవరూ కత్తిపీటా తెచ్చి పెట్టింది. నాకు చిన్నతనం వేసి హెరాల్డ్‌ని అడిగి తుపాకీ తెచ్చాను. కడిగి, ఆరబెట్టి, దేవుడి మూల గోడకి నిలువుగా చేరవేశాం. మూతికి కాస్త కిందుగా బంతిపూల దండ, కర్రకి గంధం, బొట్టు. రేణు అమ్మవారి అష్టోత్తరం చదివింది. నామానికొక చిటికెడు చొప్పున నేను అక్షింతలు వేశాను. అక్షింతలు తలమీద వేయాలి కదా. తుపాకీకి తల ఏదో ఏ శాస్త్రంలోనూ లేదు, పైకి ఉన్నదే తల అనుకున్నాను. నీ కోడలు రాగం తీసి చదువుతుంటే నువ్వు చదివినట్టే ఉంది. ఆ మాట దానికి చెప్పాను కూడా.

ఇక నిన్న, ఆదివారం, క్లబ్బు వాళ్ళ పెద్ద పోటీ. ముప్పైమంది తోకల టోపీలు. బొట్టు పెట్టిన తుపాకీ చూసి హెరాల్డ్ టోపీ తీసి దానికి దణ్ణం పెట్టాడు. నా వంతు వచ్చింది. గొట్టం ఒకసారి గుడ్డతో తుడిచి, మందు పోసి, గుండు దట్టించి, రంజకం వేసి, గురి చూసి నొక్కాను. రంజకం భగ్గుమంది. లోపలి మందు కదల్లేదు. మళ్ళీ రంజకం. మళ్ళీ భగ్గు. ఐదారుసార్లయ్యేసరికి నా కనుబొమలు మాత్రం కాలాయి. వెనకాల ముప్పైమంది నిలబడి ఉన్నారు. ఒకడు నవ్వినా బాగుండేది, అందరూ మర్యాదగా చెప్పులకేసి చూసుకున్నారు. చివరికి పళ్ళ డాక్టరు మరచుట్టు కడ్డీ పెట్టి, పన్ను పీకినట్టు, గుండు బయటికి పీకి మందు వంచేశాడు. గెలిచినవాడికి పంది తొడ ఇచ్చారు, కాబట్టి నాకు పోయిందేమీ లేదు. అయినా రాత్రి అన్నం సయించలేదు.

నీ ప్రశ్నకి జవాబు తర్వాత రాస్తాను.

ఇట్లు
రాజగోపాల్


అరోరా
19 అక్టోబరు 1981

మీనాక్షికి,

నిన్న మళ్ళీ అదే అవమానం. కొత్త మందు వేశాం, కొత్త చెకుముకి రాయి బిగించాం. నిప్పు వెళ్ళే కన్నంలో సన్నటి తీగ పెట్టి తిప్పాం. గొట్టంలో పొడి గుడ్డ పెట్టి అడుగుదాకా గట్టిగా తుడిచాం. తుపాకీ పేలలేదు, మసి పట్టలేదు, ఇంక కడగడమెందుకని కడగలేదు. రంజకం మండుతుంది, లోపల ఉలుకూ పలుకూ లేదు. గొట్టం అడుగున ఏదో పగిలిందని క్లబ్బు తీర్పు. దాన్ని విప్పి గోడకి అలంకారంగా తగిలించేస్తానని హెరాల్డ్ అంటున్నాడు. వాళ్ళ తాతది. నా చేతిలోకి వచ్చాకే పోయిందని ఆయన అనలేదు, నేను అనుకుంటున్నాను. ఆయన నాతో మామూలుగానే ఉంటున్నాడు. అదే భరించలేకుండా ఉన్నాను.

ఆ ఒకాయన్ని అడుగు. నేను అడిగానని చెప్పు.

రాజగోపాల్


ప్లేనో
24 అక్టోబరు 1981

తాతగారికి,

మీకు మనవరాలు పుట్టింది. గురువారం తెల్లవారుజామున, ఆసుపత్రిలో. తల్లీ పిల్లా క్షేమం. ముక్కు మీదే, కనుక ఏడుపు కూడా మీదే. ఫోన్ చేస్తే మీరు స్నానానికి వెళ్ళారని శ్రీధర్ అన్నాడు. స్నానం మీకా, తుపాకీకా అని అడగలేదు.

ఇక మీ తుపాకీ రోగం. ఆ ఒకాయనకి మీ కొత్త ఉత్తరంతోపాటు ముందుదీ మళ్ళీ చదివి వినిపించాను. అష్టోత్తరం దగ్గరికి రాగానే ఆపి, ఆ వాక్యం మళ్ళీ చదవమన్నాడు. చదివాను. "అత్తమ్మా, తుపాకి మూతి మీదికి ఉందా? తలమీద అంటే మూతిలనే గదా ఏసిన్రు? అక్షింతలన్నీ లోపల పడ్డయి. గుడ్డ పెట్టి తుడిస్తే ఇంకా అడుగుకు పోయి కూసున్నయి. మందు వాటి మీద పడ్తది, నిప్పు కిందనే ఆగిపోతది. ఏడినీళ్ళు పోసి కడుగుమను" అన్నాడు.

ఇంత గట్టిగా ఎలా చెప్పగలవయ్యా అంటే విజయశ్రీ అందుకుంది. కిందటేడు కొత్త కారు కొని ఇద్దరూ దసరాకి పూజ చేశారట. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, అద్దం కింద గాలి వచ్చే సందుల మీద దోసిళ్ళతో అక్షింతలు పోశారట. చలికాలమంతా హీటర్ పెడితే చాలు, ముఖాన అక్షింతలు. రోజూ ఆఫీసుకి పీటలమీద నుంచి లేచొచ్చిన పెళ్ళికొడుకులా దిగేవాడట. రిజిస్ట్రార్ ఆఫీసులో పడని అక్షింతలు ఆ కారు వేసిందండీ వాళ్ళకి. మనం వేయాల్సినవి.

నవంబరు పదకొండున బారసాల. జవాబు తర్వాత రాస్తానన్నారు. ఆ తర్వాత ఇదే.

మీ
మీనాక్షి


అరోరా
30 అక్టోబరు 1981

చి.ల.సౌ. మీనాక్షికి,

మనవరాలికి నా ఆశీస్సులు. ముక్కు నాదైతే జలుబు జాగ్రత్త.

నీ ఉత్తరం రాగానే హెరాల్డ్‌నీ తుపాకీనీ టబ్బు దగ్గరికి పిలిచాను. కాగే నీళ్ళు మూతిలో పోసి ఊపి వంచితే మొదట పచ్చటి నీళ్ళు వచ్చాయి. తర్వాత నల్లటి ముద్ద, దాని వెనకాల ఉబ్బిపోయిన అక్షింతలు. చిన్న పిడతకి సరిపడా. హెరాల్డ్ అవి అరచేతిలో వేసుకుని, "రాజ్, దీన్ని ఇలా వండుతారా మీరు?" అని అడిగాడు. నవ్వు ఆపుకోలేక టబ్బు గట్టు మీద కూలబడ్డాను. ఆయనా కూలబడ్డాడు. రేణు వచ్చి ఇద్దరికీ ఏదో అయిందనుకుంది.

నిన్న మేమిద్దరమే కంకర గుంతకి వెళ్ళాం. మొదటి దెబ్బకే పేలింది. క్లబ్బులో ముప్పైమంది తేల్చలేని సంగతి అక్కడ టెక్సాస్‌లో అన్నం తింటూ తేల్చాడు. తేల్చాలంటే ఇంట్లో దసరా చేసుకునేవాడై ఉండాలి. వాళ్ళింట్లో దేవుడి మూల ఉండదని నేను అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే అనుకున్నాను.

ఆ ఒకాయనకి నా కృతజ్ఞతలు చెప్పు. బారసాలకి రేణు చేత వెండి గిన్నె పంపుతాను. నేను రాను. అందరి ముందూ అన్న మాట అది. ఈ వయసులో దాన్ని మింగలేను. నువ్వు అర్థం చేసుకుంటావు.

ఇట్లు
రాజగోపాల్


ప్లేనో
3 నవంబరు 1981

ఏమండీ,

ఈసారి ఎకసెక్కాలు లేవు. అర్థం చేసుకోను. ముప్పై ఎనిమిదేళ్ళుగా అర్థం చేసుకున్నాను, ఇంక చేతకాదు.

మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, సరే. మీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. ఆ ఒకాయన అని ఇంక రాయను, ఉదయ్. ఉదయ్‌కి తుపాకుల గురించి ఓనమాలు తెలియవు. టెలిఫోన్ల కంపెనీలో పనిచేస్తాడు. దీపావళికి చిచ్చుబుడ్డి వెలిగించమంటే అగరొత్తి చివర పట్టుకుని ముఖం అవతలికి తిప్పుకునే మనిషి. మీ మొదటి సందేహం చదివిన మర్నాడే లైబ్రరీకి వెళ్ళి తుపాకుల పుస్తకాలు తెచ్చుకున్నాడు. నిన్న పాప గుడ్డలు సర్దుతుంటే మంచం కింద దొరికాయి. ఆముదం మాటా, కళ్ళు మూసుకునే మాటా అన్నీ అందులోంచి ఏరినవే. అక్షింతల సంగతి ఒక్కటే సొంతం.

పురుడు రోజు ఆసుపత్రిలో విజయశ్రీ లోపల నొప్పులు పడుతోంది. మేమిద్దరం బయట కూర్చున్నాం. ఒళ్ళంతా చెమటలు పట్టి ఉన్నాడు. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "అత్తమ్మా, మామయ్య ఉత్తరం రాలేదా? తుపాకి పేలిందో లేదో" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. ఈ ఐదేళ్ళలో మీరు అతన్ని అడిగినవి ఆ తుపాకీ ప్రశ్నలేనండీ. వాటికి తప్పు జవాబు చెప్తే మళ్ళీ అడగరేమోనని భయం అతనికి.

మీ ఆఖరి ఉత్తరం పైకి చదవలేదు. మడిచి పెట్టేశాను. విజయశ్రీకి అర్థమయింది. "నాన్న మాట పోకుండా ఉపాయం ఉందమ్మా. ఇక్కడ మేమెవ్వరం ముందు గుమ్మం తొక్కం, గ్యారేజీలోంచే లోపలికి వస్తాం. గ్యారేజీకి గుమ్మం లేదు. నాన్ననీ అలాగే రమ్మను" అంది. నవ్వుతూనే అంది. పాపకి పాలిస్తూ అటు తిరిగిపోయింది.

దాని ఉపాయం రాశాను. పాటిస్తారో మానతారో మీ ఇష్టం.

మీనాక్షి


అరోరా
6 నవంబరు 1981

చిరంజీవి ఉదయ్‌ని,

మీ మామయ్య రాజగోపాల్ ఆశీర్వదించి వ్రాయునది.

నీకు ఎలా రాయాలో తెలియక పొద్దుటి నుంచి కాగితాలు చింపుతున్నాను. కాబట్టి ముందు తుపాకీ సంగతి రాస్తాను. నువ్వు చెప్పింది నిజం. రంజకం మండగానే నేను కళ్ళు మూసుకుంటున్నాను. హెరాల్డ్‌ని పక్కన నిలబెట్టి నా కళ్ళు చూడమన్నాను, మూసుకుంటున్నానని చెప్పాడు. ముప్పై ఏళ్ళు తుపాకుల మీద కేసులు రాసినవాడికి ఇది ఎవరూ చెప్పలేదు. నీకు వాటి గురించి ఏమీ తెలియదని మీ అత్తయ్య రాసింది. ఫరవాలేదు, నాకూ అంతే తెలుసని తేలింది.

నీ ఫోటో శ్రీధర్ ఇంట్లో ఉందట. నేను ఉన్నన్నాళ్ళూ సొరుగులో దాచారు. నిన్న రేణుని అడిగి తీయించుకుని చూశాను. విజయశ్రీ నీ పక్కన బాగా నవ్వుతోంది. మా ఇంట్లో దిగిన ఏ ఫోటోలోనూ అంత నవ్వలేదు. అది చూసి కష్టంగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. పెళ్ళికి నేను ఉండాల్సింది. ఉండకపోవడం నా తప్పు, మీది కాదు.

శ్రీధర్ టిక్కెట్టు కొన్నాడు. మంగళవారం సాయంత్రం డాలస్‌లో దిగుతాను. ఎయిర్‌పోర్టుకి రా. కనుబొమలు కాలిన ముసలివాణ్ణి ఒక్కణ్ణే ఉంటాను, పోల్చుకోవడం కష్టం కాదు.

గ్యారేజీ ఉపాయం మీ అత్తయ్య రాసింది. విజయశ్రీ తెలివైనదే. కాని నేను పక్క దారిన రాను. తొక్కనని అందరూ వినేలా అన్నాను, తొక్కడం కూడా అందరూ చూసేలా తొక్కుతాను. ముందు తలుపు తీసి ఉంచండి.

విజయశ్రీని మాత్రం ఎదురు రానివ్వకు. పచ్చి బాలింత, గుమ్మంలో చలిగాలి కొడుతుంది. నేనే లోపలికి వస్తాను.

మీ మామయ్య
రాజగోపాల్